లెటీసియా లాడ్జిలో కింద గది

ఫ్యాను గది 60,000 పెసోలు, ఏసీ గది 90,000. ఫ్యాను గదికే మన లెక్కలో పన్నెండు వందల రూపాయలు దాటుతుంది. కొలంబియా రాజధాని బొగోటాలో అదే డబ్బుకు వేడినీళ్ళు, మందపాటి దుప్పటి, పొద్దున్నే గుడ్లూ రొట్టే దొరుకుతాయి. లెటీసియాలో నాకు దొరికినవి ఒక మంచం, గోడకు బిగించిన ఫ్యాను, చిల్లులున్న చోట ముడివేసిన దోమతెర, చన్నీళ్ళ కుళాయి. సబ్బు కావాలంటే వేరే డబ్బు. విమానం దిగీ దిగగానే పర్యాటక పన్ను కట్టించుకున్నారు. రేవు దగ్గర ఒకాయన వెంటపడి, అడవిలో రెండు రాత్రుల యాత్రకు నా నెల ఇంటద్దెలో సగం చెప్పాడు. బొగోటాలో ఉద్యోగం కాబట్టి స్పానిష్‌లో బేరమాడగలను. కానీ ఇక్కడ బేరానికి ఎవరూ దిగరు. కాదనుకుని పక్క ఊరికి పోదామంటే దారి ఉండాలి కదా!

ఆ దారే లేదు. కొలంబియా పటంలో దక్షిణపు కొసన, అమెజాన్ నదిని అందుకోవడానికి కిందికి జారినట్టుండే సన్నని ముక్క చివర లెటీసియా ఉంటుంది. బొగోటా నుంచి వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం, విమానంలో రెండు గంటలు. ఊళ్ళోంచి ఉత్తరంగా ఒక రోడ్డు బయలుదేరుతుంది గానీ, ఇరవై కిలోమీటర్లు దాటాక అడవిలోనే ఆగిపోతుంది. దేశపు విద్యుత్తు లైన్లు ఇక్కడికి రావు. కరెంటు డీజిల్ మండించి తీయాల్సిందే, ఆ డీజిల్ నది మీద రావాల్సిందే. అమ్మకపు పన్ను లేని విభాగమని (మన రాష్ట్రం లాంటిది) పేరు, అయినా మంచినీళ్ళ సీసా ధర చూస్తే ఆ మినహాయింపు ఎవరి జేబులోకి పోతోందా అనిపిస్తుంది. నా మొహం చూసి లాడ్జి యజమానురాలు రసీదు రాస్తూనే లెక్క చెప్పారు. ఉల్లిపాయలు పెరూ పడవలో వస్తాయి, కోడిమాంసం బ్రెజిల్ నుంచి వస్తుంది, మందులు బొగోటా నుంచి విమానంలో వస్తాయి. నది తగ్గితే అన్నీ ఆలస్యమే, ఆలస్యమైన ప్రతిదానికీ ధర పెరుగుతుంది. "మేం పండించుకునేవి కర్రపెండలం, అరటి, చేపలు. అవి మాత్రం చౌక, అవి తినండి" అన్నారు.

అరవై దాటిన మనిషి. కొండ ప్రాంతం నుంచి పెళ్ళయిన కొత్తలో వచ్చి ఇక్కడే ఉండిపోయారట. అందరూ గౌరవంగా దోన్యా అని పిలుస్తుంటే నేనూ అలాగే పిలిచాను. పై అంతస్తులో ఒక గది ఉందిగానీ తీసుకోవద్దని ఆవిడే చెప్పారు. పైన రేకుల కప్పు, పగటి వేడంతా రాత్రి దిగుతుంది. కింద గది వసారా పక్కనే, స్నానాలగది ఎదురుగానే. అదే తీసుకున్నాను.

చూడాల్సినవని అందరూ చెప్పేవన్నీ చూశాను. సాయంత్రం సంతాందేర్ పార్కు చెట్లమీద వేల చిలకలు వాలుతాయి, ఆ గోలలో పక్కమనిషి మాట వినపడదు. ఒక వీధి వెంట నడుచుకుంటూ పోతే ఎవరూ ఆపకుండానే బ్రెజిల్ వచ్చేస్తుంది, ఊరి పేరు తబాతింగాగా మారుతుంది. అక్కడ భోజనాన్ని కిలోల లెక్కన తూచి ఇచ్చే హోటలులో అన్నం, చిక్కుడు గింజలు, వేయించిన చేప తిన్నాను. జేబులో పెసోలూ, బ్రెజిల్ రేయాళ్ళూ, ఎదుటి దీవికి వెళ్తే పెరూ సోళ్ళూ. బాగుంది గానీ, ఈ యాత్రలో నన్ను కదిలించింది అది కాదు.

ఒక రాత్రి పదకొండు దాటాక తలుపు కొట్టారు. తీస్తే దోన్యా. "బాబూ, మీ గది కావాలి. మీరు పైకి వెళ్ళండి" అన్నారు. అడగడం కాదు, చెప్పడమే. నాకు కోపం వచ్చింది. డబ్బు కట్టిన గది, పొద్దున్నే పడవ ప్రయాణం పెట్టుకున్నాను, పైన పడుకోలేరని హెచ్చరించింది కూడా ఆవిడే. ఆ మాటలన్నీ నోటిదాకా వచ్చాయి. అప్పుడు ఆవిడ వెనక, వసారాలో బెంచీ మీద కూర్చున్న అమ్మాయిని చూశాను. ఇరవై ఏళ్ళుంటాయి. నిండు నెలలు. కాళ్ళు బాగా వాచిపోయి ఉన్నాయి. పక్కన తల్లి, చేతిలో ఒక గుడ్డమూట, మోకాళ్ళ దాకా ఆరిన బురద. ఆ అమ్మాయి మెట్లు ఎక్కే స్థితిలో లేదు. నేను సంచి సర్దుకుని పైకి వెళ్ళాను.

పై గది దోన్యా చెప్పినట్టే ఉంది. కాసేపటికి కరెంటు పోయింది, ఫ్యాను ఆగింది. చొక్కా తీసేసి నేలమీద పడుకున్నా ఊపిరాడలేదు. తెల్లవారుజామున వాన వచ్చింది. రేకుల మీద ఆ వాన ఎంత గట్టిగా పడిందంటే, వసారాలో ఎవరో పిలుస్తున్నారో లేదో తెలుసుకోవడానికి తలుపు తీసి నిలబడాల్సి వచ్చింది. కింద దోన్యా లాంతరు పట్టుకుని ఆ గది ముందు కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఆవిడ ఆ రాత్రి పడుకోలేదు.

పొద్దున వంటింట్లోకి కాఫీ కోసం వెళ్తే ఆ తల్లి అరటికాయలు ఉడకబెడుతోంది. అప్పుడు గానీ నేను ఆ వంటిల్లు సరిగా చూడలేదు. పొయ్యిల దగ్గర నలుగురు వండుకుంటున్నారు. కంటి ఆపరేషనుకు తాతను తెచ్చిన మనవడు, బట్టలమ్ముకునే పెరూ ఆవిడ, జీతం కాగితాల కోసం నదిమీది పల్లె నుంచి వచ్చిన బడిపంతులు. పర్యాటకుణ్ణి నేనొక్కణ్ణే. పర్యాటకులు అడవిలో చెక్క కుటీరాలకు వెళ్తారు. ఇలాంటి లాడ్జీలు నది జనానికి సత్రాలు. ఆసుపత్రి, బ్యాంకు, కోర్టు, రిజిస్ట్రారు కచేరీ అన్నీ లెటీసియాలోనే, పల్లెలన్నీ నీళ్ళ మీద ఎక్కడో. పని ఒక్కపూటలో అవుతుందని వచ్చినవాళ్ళు పడవ కోసం, డాక్టరు కోసం, సంతకం కోసం రోజుల తరబడి ఇక్కడే ఉండిపోతారు.

ఆ తల్లీకూతుళ్ళు తికూనా ఆదివాసులు. ఈ జాతి జనం మూడు దేశాల్లోనూ ఉన్నారు, సరిహద్దు గీతలు వాళ్ళ మధ్యనుంచి తర్వాత పోయాయి. వాళ్ళ పల్లె ప్వెర్తో నరీన్యో అనే ఊరు దాటాక, లొరెతోయాకు ఏటి మీద. ప్వెర్తో నరీన్యో నుంచి ఇక్కడికి వేగం పడవలో రెండు గంటలే. కానీ ఆ టికెట్టు డబ్బుల్లేక, టకటకమంటూ నిదానంగా పోయే చిన్న ఇంజను పడవలో చీకటితో బయలుదేరారు. నది తగ్గే కాలం. ఇసుక మేటకు పడవ తగులుకుంటే అల్లుడూ, ఈవిడా దిగి తోశారు. ఆ బురదే రాత్రి నేను చూసింది. ఆసుపత్రిలో పరీక్షించి, నొప్పులు ఇంకా మొదలవలేదు, ఊళ్ళోనే దగ్గర్లో ఉండండి అన్నారట. దగ్గర్లో ఎక్కడ ఉండాలో మాత్రం చెప్పలేదు.

ఈ కష్టం కొత్తది కాదు గానీ ఈ మధ్య పెరిగింది. నిండునదికీ, ఎండిన నదికీ ఇక్కడ మామూలుగానే పది మీటర్ల తేడా ఉంటుంది. 2024 సెప్టెంబరులో మూడు నెలల్లోనే ప్రవాహం 80 నుంచి 90 శాతం తగ్గిందని కొలంబియా విపత్తు నిర్వహణ సంస్థ ప్రకటించింది. ఆ ఏడు వాళ్ళ ఏటిలో పడవ కదల్లేదని, జ్వరంతో ఉన్న పెద్దాయన్ను వల ఊయలలో వేసి ఎండిన అడుగు మీద మోసుకొచ్చారని ఆ తల్లి చెప్పింది. చెబుతూనే నా పళ్ళెంలో గుప్పెడు ఫరీన్యా పోసింది. కర్రపెండలాన్ని పులియబెట్టి, తురిమి, పెద్ద పెనం మీద వేయించిన గట్టి పలుకులు. చేప పులుసులో కాసేపు నానితే కమ్మగా ఉంటుంది.

మీ ఊళ్ళో నది ఉందా అని అడిగింది. గోదావరి గురించి చెప్పాను. మాది కోనసీమలో లంక. వరదొస్తే మాకూ పడవే దిక్కు. పురుటికి అమలాపురం తీసుకుపోవాలంటే మేనత్త ముందుగానే వెళ్ళి ఎవరో దూరపు బంధువుల ఇంట్లో నెల రోజులు ఉండిపోయేది, ఆ ఇంటివాళ్ళు విసుక్కున్నట్టు మా నాయనమ్మ ఎప్పుడూ చెప్పలేదు. ఆ తల్లి తల ఊపి, మీ నదిలో ఏ చేప ఉంటుంది అంది. పులస, సముద్రం నుంచి వరదకు ఎదురీదుకుంటూ వచ్చి ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర ఆగిపోతుంది అన్నాను. ఆమె ముఖం వెలిగింది. వాళ్ళు పట్టి లెటీసియా గిడ్డంగులకు అమ్మే దొరాదో కూడా అలాంటిదే. మీసాలున్న వాలుగ జాతి చేప. ఆండీస్ కొండల పాదాల దగ్గర గుడ్లు పెడుతుంది, పిల్లలు నది సముద్రంలో కలిసే చోటు దాకా కొట్టుకుపోతాయి, పెద్దవై మళ్ళీ ఎదురీదుకొస్తాయి. రానూపోనూ 11,000 కిలోమీటర్లకు పైనే, మంచినీటి చేపల్లో ఇంత దూరం పోయేది ఇంకోటి లేదని 2017లో పరిశోధకులు తేల్చారు. అమెజాన్‌లో కలిసే మదీరా నది మీద బ్రెజిల్ కట్టిన రెండు ఆనకట్టలు ఇప్పుడు ఆ దారిన పోయేవాటికి అడ్డం. ఆ సంగతి చెబితే, "అయితే మీ చేపకీ ఇదే గతి" అని ఉడికిన అరటికాయ ఒలిచి పెట్టింది.

ఆ పూట నేను వెళ్ళాల్సిన పడవ వెళ్ళిపోయింది. వేరేది చూసుకోలేదు. మిగిలిన సెలవు ఆ లాడ్జి వసారాలోనే గడిపాను, అందుకు నాకు ఏ విచారమూ లేదు.

దోన్యా దగ్గర ఒక పాత చిట్టాపుస్తకం ఉంది. అందులో నా పేరుకు ఎదురుగా 60,000. పల్లెల వాళ్ళ పేర్లకు ఎదురుగా 25,000, కొన్నిచోట్ల 20,000, కొన్నిచోట్ల తేదీ మాత్రమే. నేను చూస్తున్నానని తెలిసీ ఆవిడ మూయలేదు. "మీలాంటి వాళ్ళ దగ్గర ఎక్కువ తీసుకుంటాను. లేకపోతే వాళ్ళకు గది ఇవ్వలేను, ఈ లాడ్జి ఎప్పుడో మూసేసుకోవాలి" అన్నారు. నాకది న్యాయంగానే తోచింది. ముందే చెబితే ఇంకా బాగుండేదని అన్నాను. చెబితే సగం మంది పక్క లాడ్జికి పోతారని జవాబిచ్చారు. సబ్బుకు డబ్బు తీసుకోవడం మాత్రం నాకు ఇప్పటికీ నచ్చలేదు, ఆ మాట ఆవిడతోనే చెప్పాను.

2020 గురించి కూడా ఆవిడే ఎత్తారు. ఆ మే నెలలో జనాభాతో పోల్చి చూస్తే కొలంబియా మొత్తంలో కరోనా ఎక్కువగా ఉన్నది ఈ అమెజోనాస్ విభాగంలోనే. ప్రాణవాయువు సిలిండర్లు చాలలేదు. లాడ్జి మూసేయమన్నారు, కానీ లోపల ఉన్నవాళ్ళు పడవల్లేక పల్లెలకు పోలేరు. తలుపులు వేసుకుని అందరూ ఒకే కుండలో వండుకున్నారట. అప్పుడు ఉన్నవాళ్ళలో ఇద్దరు మళ్ళీ రాలేదని చెప్పి ఆవిడ పుస్తకంలో పాత పేజీలు తిప్పారు.

ఎదుటి దీవి సాంతా రోసా గొడవ అప్పటికి ఇంకా చల్లారలేదు. పెరూ అక్కడ కొత్త జిల్లా ఏర్పాటు చేస్తే, ఆ దీవి ఎవరిదో తేలలేదని కొలంబియా అధ్యక్షుడు 2025 ఆగస్టులో గట్టిగా అన్నారు. నది పెరూ వైపుకు జరుగుతూ లెటీసియా రేవును ఒండ్రుతో పూడ్చేస్తోందన్నది నిజం, రేపు ఈ ఊరికి నీళ్ళే అందవేమోనన్న భయమూ నిజమే. 1932లో ఈ ఊరి కోసమే రెండు దేశాలూ యుద్ధానికి దిగాయి. లాడ్జి వంటింట్లో మాత్రం బట్టలమ్మే పెరూ ఆవిడే ఆ అమ్మాయికి గంజి కాచి పట్టుకెళ్ళింది.

పాప పుట్టింది. కాన్పు ఆసుపత్రిలోనే, ఇద్దరూ క్షేమం. కానీ తండ్రి పుట్టింది పెరూ ఒడ్డున. గుర్తింపు కార్డు ఇంట్లో వదిలి వచ్చాడు, అది తెస్తే గానీ పాప పుట్టుక నమోదు కాదన్నారు. అతను పడవ వేసుకుని వెళ్ళాడు. తల్లీ, బిడ్డా, అమ్మమ్మా కింద గదిలోనే ఉన్నారు. నేను బయలుదేరే రోజున వీడ్కోలు చెప్పడానికి వెళ్తే, అమ్మమ్మ పాపను నా చేతుల్లో పెట్టి చెంబుతో నీళ్ళు తేవడానికి వెళ్ళింది.

దోన్యా బిల్లుతో పాటు ఒక పెద్ద పొట్లం ఇచ్చారు. ఫరీన్యా, ఎండబెట్టిన చేప. ఇక్కడ చేయలేని వైద్యం కోసం పంపితే నెలల తరబడి బొగోటాలో ఉండిపోయిన ఒక పాత బసదారుకు ఇవ్వాలట. చిరునామా చీటీ పొట్లానికే గుచ్చారు. విమానం దిగిన మర్నాడు ఆఫీసు అయ్యాక ఊరి దక్షిణాన ఆ రోగుల వసతికి వెళ్ళాను. మూడు చొక్కాలు ఒకదానిమీద ఒకటి వేసుకుని, తలకు ఉన్నిటోపీ పెట్టుకుని కూర్చున్నారు ఆయన. పొట్లం విప్పి వాసన చూశారు, పక్క మంచం ఆయనకు గుప్పెడు పెట్టారు, నాకూ పెట్టారు. తర్వాత నదిలో నీళ్ళు పెరిగాయా అని అడిగారు. వానలు మొదలయ్యాయి గానీ ఇంకా పెరగలేదని, ఇసుక మేటలు రేవు నుంచి కనిపిస్తూనే ఉన్నాయని చెప్పాను. అయితే డిసెంబరుకు గానీ మా ఏటికి పడవ పోదు, అప్పటికి డాక్టర్లు వదిలితే చాలు అన్నారు.