కర్నూలు ఎండలో విమానం రెక్క

మా షెడ్డులో తయారవుతున్నది జెనిత్ సీహెచ్ 701. క్రిస్ హైంట్జ్ గీసిన రెండు సీట్ల విమానం. కిట్ తెప్పించుకుంటే రేకులూ డ్రాయింగులూ వస్తాయి, బిగించుకోవడం మన వంతు. వెల్డింగ్ తక్కువ, రివిట్లు వేలల్లో.

ముందు తోక చుక్కాని పట్టుకున్నా. చిన్నది, చెడినా పెద్ద నష్టం లేదు. బెజ్జం వెయ్యాలి, క్లీకోలు, అంటే మళ్లీ తీసేసే స్ప్రింగు పిన్నులు, గుచ్చి రేకులు కదలకుండా ఆపాలి, అంతా కుదిరాక మళ్లీ మొత్తం విప్పి బెజ్జాల గరుకు తియ్యాలి, ప్రైమర్ పూయాలి, అప్పుడు గానీ రివిట్ కొట్టకూడదు. ఉన్న పొద్దంతా గరుకు తీయడానికే సరి! పెద్ద డ్రిల్ బిట్టుని వేళ్లతో బెజ్జంలో ఒక్క చుట్టు తిప్పితే వెంట్రుకంత తునక లేచొస్తుంది. దాన్ని వదిలేస్తే పగులు అక్కడే మొదలవుతుంది.

అసలు పరీక్ష రెక్క దగ్గర. రేకు మందం అర మిల్లీమీటరు కూడా ఉండదు. మూడు మీటర్ల అల్యూమినియం పది డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.7 మిల్లీమీటర్లు సాగుతుంది, కొలిచే స్టీలు టేపు అందులో సగమే సాగుతుంది. మే నెల కర్నూలు గురించి వేరే చెప్పాలా? లారీ బాడీలు కట్టే అన్న ఒకాయన సాయానికొచ్చి, రేకు మీద చెయ్యి పెట్టి చూసి, "పొద్దెక్కినాక బిగిచ్చొద్దు సామీ, ఒకపక్క ఉబ్బుతాది" అన్నాడు. ఇక కొలతలూ బెజ్జాలూ తెల్లారుజామున, గరుకు పని మధ్యాహ్నం. రేకు మీదుగా బెల్టులేసి లాగి, నడిమి రిబ్బు (రెక్క లోపల రేకుని మోసే అడ్డపట్టీ) నుంచి అంచులకి జరుగుతూ రివిట్లు కొట్టాం. ఇప్పుడు గోటితో కొడితే డప్పులా మోగుతోంది.

"ఇది ఎగురుతాదా అప్పా?" అని వీధిలో అందరూ అడుగుతారు. నా భయం కాగితాల గురించే. ముంబైలో మేడ మీద విమానం కట్టిన అమోల్ యాదవ్‌కి రిజిస్ట్రేషన్ 2017లో వచ్చింది, ఎగరేసుకునే పర్మిట్ 2019లో. ఆయన స్వయానా పైలట్! అందుకే రేకు మూసే ముందు లోపలి ప్రతి అతుకుకీ ఫోటో తీసి, తేదీ వేసి లాగ్‌బుక్కులో ఎక్కిస్తున్నా. మూసేశాక అడిగితే చూపించలేం కదా.

ఇక మిగిలిన పెద్ద ఖర్చు ఇంజను. రోటాక్స్ 912 అనుకున్నా. దానికి పెట్రోల్లో ఇథనాల్ 10 శాతం దాటకూడదు, మన బంకుల్లో కలుపుతున్నది 20 శాతం. విమానాల పెట్రోల్ అవ్‌గ్యాస్ పోస్తే అందులోని సీసం వల్ల ఆయిల్ తొందరగా మార్చాలి. ఆ ఆయిల్ ఖర్చే మేలనిపిస్తోంది.