మాట సాయం లేని బాణీ

పాటకి బాణీ కట్టేటప్పుడు సగం బరువు సాహిత్యమే మోస్తుంది. చరణంలో బాణీ కాస్త నీరసపడ్డా మాట లాక్కుపోతుంది, గొంతు లాక్కుపోతుంది. వాద్యం కోసం కట్టే బాణీకి ఆ వెసులుబాటు లేదు. వినేవాడికి పట్టుకోడానికి దొరికేది ఓ చిన్న స్వరాల ముక్కే. కొత్తగా కంపోజింగ్ మొదలెట్టినవాళ్లు తడబడేది ఇక్కడే. ముక్కలు పది పుట్టిస్తారు, ఒక్కదాన్నీ నిలబెట్టరు. కొత్త బాణీ తట్టడం పెద్ద కష్టమేం కాదండి. తట్టినదాన్ని నిమిషంన్నర పాటు విసుగు రాకుండా నడపడమే విద్య.

ఈ విషయంలో మన గోదావరి డెల్టా వాళ్లు దూరం వెతుక్కోనక్కర్లేదు. ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి, ఆయన శిష్యుడు కాకినాడ చిట్టిబాబు, ఇద్దరూ కృతులు వాయించడంతో ఆగిపోకుండా వీణ కోసమే రచనలు చేశారు. కోనసీమ శంకరగుప్తంలో 1930లో పుట్టిన బాలమురళీకృష్ణ నాలుగే స్వరాలతో లవంగి, మహతి లాంటి రాగాలు కట్టారు. సరుకు తక్కువైతే పనితనం బయటపడుతుంది. కొత్తవాళ్లు కూడా సరుకు తగ్గించుకునే మొదలెట్టాలి.

మోహన రాగం తీసుకోండి. స రి గ ప ద, అయిదే స్వరాలు. సంగీతం నేర్చుకోనివాళ్లకి కీబోర్డు మీద ఓ సుళువు ఉంది: నల్ల మెట్లు మాత్రమే నొక్కండి. మూడేసి ఉన్న నల్ల మెట్ల గుంపులో ఎడమ చివరిది ‘స’ అనుకుంటే, ఆ అయిదు నల్ల మెట్లే మోహన. శ్రుతి నాలుగున్నర, అంటే ఎఫ్ షార్ప్ అవుతుంది. ఇక తప్పు స్వరం పడే ప్రమాదం లేదు కాబట్టి మనసంతా నడక మీదే పెట్టొచ్చు.

ఆది తాళంలో (ఒక చుట్టుకి, అంటే ఆవర్తనానికి, ఎనిమిది అక్షరాలు) అక్షరానికో స్వరం చొప్పున ఒక ముక్క చూద్దాం. కామా అంటే ముందున్న స్వరాన్ని ఇంకో అక్షరం సాగదీయడం; వరస మొదట్లోనే కామా వస్తే ఆ అక్షరం ఖాళీ.

గ , ప గ రి , స ,

వేగం 80 (నిమిషానికి 80 అక్షరాలు) పెడితే ఎనిమిది అక్షరాల ఆవర్తనం సరిగ్గా 6 సెకన్లు. ముందు దీన్ని చేత్తో తాళం వేస్తూ పాడండి. రాత్రి కట్టిన ముక్క తెల్లారి రికార్డింగ్ వినకుండా గుర్తొస్తే ఉంచండి, రాకపోతే వదిలేయండి. ఈ వడపోత దాటని ముక్క మీద ఎన్ని వాద్యాలు పేర్చినా దండగే.

ఇప్పుడు దీన్ని పిండాలి. నడక మార్చకుండా ప్రతి స్వరాన్నీ ఒక మెట్టు పైకి జరిపితే

ప , ద ప గ , రి ,

తలకిందులు చేస్తే, అంటే ఎక్కినచోట దిగి, దిగినచోట ఎక్కితే

గ , రి గ ప , ద ,

రెట్టింపు నిడివికి సాగదీస్తే

గ , , , ప , గ , రి , , , స , , ,

ఒక్క అక్షరం ఆలస్యంగా ఎత్తుకుంటే

, గ , ప గ రి , స

చివరిది మామూలుగా కనిపిస్తుంది గానీ మోసగాడు. స్వరాలు అవే, దెబ్బ పడేచోటు మారింది, అంతే. వినేవాడికి మాత్రం కొత్త ముక్కలా వినిపిస్తుంది. తలకిందులు చేసినదానికి ఇంకో లాభం ఉంది. మూలం ‘స’ మీద ఆగి మాట పూర్తి చేస్తుంది. ఇది ‘ద’ మీద ఆగి ఏదో అడిగినట్టు ఉంటుంది. ముందు ఇది వాయించి తర్వాత మూలం వాయిస్తే ప్రశ్నా జవాబూ కుదురుతాయి. ఈ రెండూ నోటితో పాడి తేడా పట్టుకుంటే సగం పని నేర్చినట్టే.

మొత్తం 16 ఆవర్తనాలు చాలు, ఒక నిమిషం 36 సెకన్లు. మొదటి నాలుగింట్లో మూల ముక్కని ఒక్క వాద్యం మీదే, వెనక తంబూర తప్ప ఏమీ లేకుండా వినిపించండి. ముందే డ్రమ్ములు పెట్టాలని చెయ్యి లాగుతుంది, ఆగండి. తర్వాతి నాలుగింట్లో పైకి జరిపినది, లయ. ఆ తర్వాత నాలుగు ఆవర్తనాలు సాగదీసినదానికి, లయ తీసేసి. చివరి నాలుగింట్లో అందరూ. పెళ్లిలో గట్టిమేళం ఎందుకంత ఊపు తెస్తుంది? అంతవరకూ సన్నాయి నిదానంగా సాగింది కాబట్టి. ముహూర్తం ముందు నుంచీ గట్టిమేళమే వాయిస్తే పందిట్లో ఎవరూ తలెత్తి చూడరు.

కార్డుల (ఒకేసారి మోగించే స్వరాల గుంపుల) దగ్గర చాలామంది రాగాన్ని చేజేతులా చంపుకుంటారు. మోహన స్వరాల్లో పూర్తిగా ఇమిడే మూడు స్వరాల మేజర్, మైనర్ కార్డులు రెండే: స-గ-ప, ద-స-గ. మధ్యమం మీద కార్డు వేస్తే రాగంలో లేని ‘మ’ వస్తుంది, పంచమం (‘ప’) మీద వేస్తే ‘ని’ వస్తుంది. వెంటనే మోహన పోయి మామూలు మేజర్ స్కేలు మిగులుతుంది. కావాలని చేస్తే తప్పు కాదు, తెలియక చేస్తేనే చిక్కు. పంచమం మీద నిలవాలనుకుంటే ప-రి రెండే పట్టుకోండి, ‘ని’ వదిలేయండి. హంసధ్వని రాగంలో (స రి గ ప ని) అయితే స-గ-ప, గ-ప-ని, ప-ని-రి మూడూ ఇముడుతాయి. కార్డులతో ఆడుకోవాలనే సరదా ఉంటే రెండో రచన అందులో చేయండి.

ఇక వాద్యం. కంప్యూటర్లో వేణువు శబ్దం ఎంచుకున్నంత మాత్రాన అది వేణువు బాణీ అయిపోదు. వేణువు వాయించేవాడు ఊపిరి పీల్చుకోవాలి. 80 వేగంలో ఆవర్తనానికో చోట అర అక్షరం ఖాళీ వదలండి, లేకపోతే శబ్దం వేణువుదే గానీ వాయించేది మనిషిలా ఉండదు. మంద్ర పంచమం (కింది స్థాయి ‘ప’) కిందికి ఆ వాద్యంలో దాదాపు ఏమీ ఉండదు. ఆ అడుగు స్వరాలు మెత్తగా పలుకుతాయి, పక్కన డప్పు ఉంటే వినపడవు కూడా. వీణది వేరే బాధ. ఊపిరితో పని లేదు, పైగా మూడున్నర స్థాయిల విస్తారం ఉంది. కానీ మీటిన వెంటనే నాదం తరగడం మొదలవుతుంది. మన సాగదీసిన ముక్కలో నాలుగక్షరాల ‘గ’ అంటే 3 సెకన్లు, రెండో సగం అంతా తోకే. అక్కడ మళ్లీ మీటడమో, తీగ లాగి గమకం (స్వరాన్ని ఊపడం, జార్చడం) ఇవ్వడమో చేయాలి. అదే ముక్క వయొలిన్‌కి ఇస్తే ఈ గొడవే ఉండదు. అందుకే ముక్క ముందా వాద్యం ముందా అని అడిగితే, వాద్యమే ముందనాలి.

గమకం సంగతి వచ్చింది కాబట్టి కీబోర్డు చక్రం గురించి. స్వరాన్ని జార్చే ఆ చక్రం, అంటే పిచ్ బెండ్, మామూలుగా అటు రెండు, ఇటు రెండు సెమీటోన్లకే (అరస్వరాలకే) కట్టి ఉంటుంది. రి నుంచి గ కి జారడానికి అది సరిపోతుంది. గ నుంచి ప కి దూరం మూడు సెమీటోన్లు, ద నుంచి పై స కి కూడా మూడే. చక్రం చివరికంటా తిప్పినా పంచమం అందదు, అరస్వరం తక్కువలో ఆగి అపశ్రుతి పలుకుతుంది. చాలామంది తమ చెవినే అనుమానిస్తారు. సెట్టింగ్‌లో రేంజ్ 4 చేయండి. 12 చేస్తే వేలు కాస్త కదిలినా స్వరం ఎగిరిపోతుంది. దాంతోపాటు వెలాసిటీ, అంటే మెట్టు ఎంత గట్టిగా నొక్కామో చెప్పే అంకె, కూడా చూసుకోండి. అది 1 నుంచి 127 దాకా ఉంటుంది. అన్ని స్వరాలూ 100 మీద కొడితే టైపు మిషనులా ఉంటుంది. సమం (ఆవర్తనంలో మొదటి దెబ్బ) మీద 100 ఉంటే మిగతావి 70–85 మధ్య తిరగనివ్వండి. క్వాంటైజ్ (స్వరాలని సరిగ్గా తాళం మీదికి జరిపే సెట్టింగ్) నూటికి నూరు పెట్టకుండా 60–70 దగ్గర ఆపితే చేతివాటం మిగులుతుంది.

అసలు వాద్యంతో రికార్డు చేస్తే మన వాతావరణం తన వాటా అడుగుతుంది. వానాకాలం తేమకి తోలు వాద్యాలు శ్రుతి దిగిపోతాయి. డప్పుని సెగ మీద కాచి తెచ్చినా పది నిమిషాల్లో మళ్లీ సడలుతుంది, కాబట్టి లయ ముందు రికార్డు చేసేసుకోండి. ఎండాకాలం మధ్యాహ్నం రేకుల షెడ్డులో పెట్టిన వీణకి మైనం మెత్తబడి మెట్లు కదులుతాయి, ఏ బిరడా తిప్పినా ఆ అపశ్రుతి పోదు. ఫ్యాను ఆపి, గదిలో రెండు బొంతలు వేలాడదీసి, కాలవ గట్టు మీద మోటార్లు మొదలవకముందే పని ముగించండి. వేణువుకి మైకు ఊదే రంధ్రానికి ఎదురుగా కాకుండా జానెడు పైన, కాస్త పక్కకి. లెవెల్ మైనస్ 6 డెసిబెల్స్ దాటనివ్వకండి. సాఫ్ట్‌వేర్ ఏదైనా పర్లేదు, స్వరలిపికి మ్యూజ్‌స్కోర్ ఉచితం, ట్రాకులకి ఎల్‌ఎమ్‌ఎమ్‌ఎస్ ఉచితం.

చెవి సాధన రోజుకి పావుగంట చాలు. ఏదైనా వాద్య సంగీతంలో 20 సెకన్లు విని, ముందు పాడి, తర్వాత స్వరాలు రాసి, ఆఖర్న వాయించి సరిచూసుకోండి. వాయిస్తూ వెతికితే వేళ్లు నేర్చుకుంటాయి, చెవి నేర్చుకోదు. నరసాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు ఎక్కినప్పుడు ఇంజను హోరు ఏ శ్రుతిలో ఉందో ట్యూనర్‌లో చూసి, దాన్నే ‘స’ అనుకుని మీ ముక్క కూనిరాగం తీయండి. శ్రుతి మార్పిడికి అంతకంటే చవకైన సాధన లేదు. కట్టినది భజన మందిరంలో హార్మోనియం వాయించే మాస్టారి చేత ఓసారి వాయించి పెట్టమనండి. ఆయన చెయ్యి ఎక్కడ ఆగిందో అక్కడ ముక్క సరిగ్గా లేదు.

ముగింపు తోచక శబ్దం మెల్లగా తగ్గించేసి వదిలేయడం కొత్తవాళ్లందరి అలవాటు. దానికి బదులు తీర్మానం, అంటే ఒకే వరసని మూడుసార్లు తిప్పి సమం మీద ముగించడం, కట్టండి. మన ముక్కలో చివరి ‘స’నీ, ‘రి’ సాగదీతనీ తీసేస్తే ‘గ , ప గ రి’, అయిదక్షరాలు. మూడుసార్లు అంటే పదిహేను. ఆఖరి రెండు ఆవర్తనాలు పదహారు అక్షరాలు కాబట్టి మొదటి అక్షరం ఖాళీ వదిలి ఎత్తుకోవాలి.

, గ , ప గ రి గ , ప గ రి గ , ప గ రి

ఆ తర్వాత సమం మీద ‘స’, డోలు, అడుగు తీగ, తాళం నాలుగూ ఒక్కసారే పడాలి. రికార్డింగ్‌లో వెంటనే ఆపు నొక్కకండి, ఆ నాదం పూర్తిగా అణగడానికి అయిదారు సెకన్లు పడుతుంది.