కొవ్వాడ మాటల్లో వచ్చిన ఒక ప్రశ్న

మొన్న అమలాపురంలో బంధువుల ఇంట భోజనాలయ్యాక మాట కొవ్వాడ అణువిద్యుత్ కేంద్రం మీదికి మళ్లింది. శ్రీకాకుళం తీరంలో ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల చొప్పున ఆరు రియాక్టర్లు కట్టాలన్నది ప్రతిపాదన. కోతల రాత్రుల్లో నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగిపోయి చెరువులో రొయ్యలు తేలిపోవడం చూసిన మా బావగారు కరెంటు కావాల్సిందేనన్నారు. ఆ మాట కాదనలేను. కానీ 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి రోజుల తరబడి మండగా చూసిన మా పెదనాన్నగారు, "మరి వాడేసిన ఇంధనం ఎక్కడ పెడతార్రా?" అని అడిగేసరికి అందరం ఆగిపోయాం.

ఆ మంట చివరికి ఆరింది. ఇది అలా ఆరేది కాదు. వాడిన ఇంధనాన్ని ఏళ్ల తరబడి నీటి కొలనుల్లో చల్లార్చాలి. అందులోని రేడియోధార్మిక పదార్థాల్లో సీసియం-137 సగానికి తగ్గడానికే సుమారు 30 ఏళ్లు, ప్లుటోనియం-239కి సుమారు 24,000 ఏళ్లు పడుతుంది. మన దేశం ఇంధనాన్ని శుద్ధి చేసి, ప్లుటోనియం వేరు చేసి, మిగిలిన తీవ్ర వ్యర్థాన్ని గాజులో బంధించి ఉక్కు డబ్బాల్లో దాచే విధానాన్ని ఎంచుకుంది. ఆ పని తెలిసిన శాస్త్రజ్ఞులు మనకున్నారు, వారిపై నాకు గౌరవముంది. అయితే ఆ డబ్బాలను శాశ్వతంగా ఉంచే లోతైన భూగర్భ నిల్వ మాత్రం ఇంకా లేదు.

ఫిన్లాండ్‌లో అలాంటి నిల్వ కోసమే ఓంకలో వద్ద 400 మీటర్లకు పైగా లోతున, గట్టి రాతిలో సొరంగాలు తవ్వారు. అంతకంటే నన్ను ఆలోచింపజేసింది, అక్కడి ఎవురాయోకి మునిసిపాలిటీకి వద్దని చెప్పే అధికారాన్ని చట్టమే ఇవ్వడం. కొవ్వాడ మత్స్యకారులతో మనం ఇప్పటిదాకా ఎక్కువగా మాట్లాడింది భూమి గురించి, పరిహారం గురించి. వ్యర్థం ఎక్కడికి పోతుందో ముందే రాతపూర్వకంగా చెప్పి, ఆ గ్రామసభలకూ కాదనే హక్కు ఇవ్వాలన్నది నా అభిప్రాయం.