గుత్తి దారిలో మోరిస్ మైనర్

ఆదివారం వేకువన అనంతపురం టవర్ క్లాక్ దగ్గర పాత కార్ల పిచ్చివాళ్లం నలుగురైదుగురం కలుసుకుని, గుత్తి కోట దాకా వెళ్లి రావడం మాకు వాడుక. నాది అలెక్ ఇసిగోనిస్ రూపకల్పన చేయగా 1948లో ఇంగ్లండులో విడుదలైన మోరిస్ మైనర్. చలికాలంలో చోక్ లాగితే తప్ప పలకదు.

మొన్న యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా కారు తడబడుతుంటే, దారి పక్కన ఆపి, ఎస్‌యూ కంపెనీ కార్బురేటర్ (ఇంజనుకు గాలి, పెట్రోలు కలిపి అందించే భాగం) తల మీది చిన్న మూత విప్పి, లోపల నూనె అడుగంటిందని కంటితోనే పోల్చుకుని, కాస్త పోసి బయలుదేరాను. అదే వారం మా బావమరిది కొత్త కారు ఏదో సెన్సార్ చెడి పసుపు దీపం వెలిగించి మొరాయిస్తే, లాప్‌టాప్ తగిలించే మనిషి వచ్చేదాకా మూడు రోజులు వాకిట్లోనే పడి ఉంది.

గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్, ఎయిర్‌బ్యాగులు ప్రాణాలు కాపాడతాయని ఒప్పుకుంటాను (నా బండికి సీటు బెల్టులే లేవు), కానీ అద్దం దించడానికీ కంప్యూటరు ఎందుకో బోధపడదు. మా ఇంటావిడ మాత్రం ఏసీ లేని కారు మే నెలలో ఎక్కనని ఖరాఖండిగా చెప్పేసింది.