ఫలితం రాని నెలల్లో: చెన్నై నుంచి ఒక సివిల్స్ అభ్యర్థి మాటలు

ముందే చెప్పేస్తాను, ఇది టాపర్ రాసింది కాదు. ఇంటర్వ్యూ దాకా వెళ్లి, ఫైనల్ లిస్టులో పేరు కనపడక, మళ్లీ ప్రిలిమ్స్ నుంచి మొదలుపెట్టినవాళ్లలో నేనొకణ్ణి. ఇప్పుడు మెయిన్స్ రాసి ఫలితం కోసం చూస్తున్నాను. ఏ పుస్తకం చదవాలో, ఎన్ని గంటలు కూర్చోవాలో చెప్పేవాళ్లకి కొదవ లేదు. పరీక్షకీ ఫలితానికీ మధ్య నెలలు ఎలా గడుస్తాయో, అందులోనూ పొద్దున లేస్తే ప్రార్థన చేసుకునే ఇళ్లలో పెరిగిన మనలాంటివాళ్లకి ఎలా గడుస్తాయో మాత్రం ఎవరూ పెద్దగా రాయరు.

మాది ఒంగోలు పక్క ఊరు. అందరూ హైదరాబాద్ అశోక్ నగర్ వెళ్తుంటే నీకు చెన్నై ఏంట్రా అన్నారు. మా అన్న ఓఎంఆర్‌లో (ఐటీ కంపెనీలుండే రోడ్డు) ఉద్యోగం చేస్తాడు, పెరుంగుడిలో ఇల్లు. అద్దె కలిసొస్తుంది, వదిన ఇంత అన్నం పెడుతుంది. అంతకుమించి కారణం లేదు. పొద్దున్నే ఎంఆర్‌టీఎస్ రైలెక్కి కొట్టూర్పురంలో దిగితే అన్నా శతజయంతి గ్రంథాలయం. సొంత పుస్తకాలు పట్టుకెళ్లి చదువుకునే హాలు ఉంది. చుట్టూ బ్యాంకు పరీక్షలవాళ్లు, టీఎన్‌పీఎస్సీ (తమిళనాడు గ్రూప్ ఉద్యోగాల) పరీక్షలవాళ్లు, అప్పుడప్పుడు మన తెలుగు గొంతు ఒకటి.

ప్రిలిమ్స్ నుంచి ఫైనల్ లిస్టు దాకా దగ్గర దగ్గర ఏడాది పడుతుంది. అందులో పరీక్ష హాల్లో కూర్చునే రోజులు ఎన్ని? పది కూడా ఉండవు. మిగతాదంతా ఎదురుచూపే. పోయినా, ఎక్కడ పోయిందో తెలియడానికి మార్కుల షీటు కోసం మళ్లీ ఫైనల్ ఫలితం దాకా ఆగాలి.

డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో వాగ్దాన కార్డు, అంటే కొత్త ఏడాదికి ఒక బైబిలు వచనం ఉన్న కార్డు తీసుకోవడం మనకందరికీ అలవాటే. నాకు ఒక ఏడాది యిర్మీయా 29:11 వచ్చింది. అదే, 'సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు' అన్న మాట. అభ్యర్థుల టేబుళ్ల మీద, వాట్సాప్ డీపీల్లో దీనంతగా కనపడే వచనం ఇంకోటి లేదనుకుంటా. కార్డు మీద ఆ ఒక్క వచనమే ఉంటుంది కదా. ఇంటర్వ్యూ పోయిన తర్వాత ఒకరోజు ఆ అధ్యాయం మొత్తం కూర్చుని చదివాను. బబులోనుకి చెరపట్టుకుపోయిన యూదులకి యిర్మీయా రాసిన ఉత్తరం అది. దానికి ముందు వచనం డెబ్బై సంవత్సరాలు అంటుంది. ఆ ఉత్తరం అందుకున్న పెద్దవాళ్లలో చాలామంది బబులోనులోనే కన్నుమూసి ఉంటారు. అయిదో వచనమైతే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, వాటి పండ్లు తినండి అంటుంది. పెట్టె సర్దుకుని గుమ్మంలో కూర్చోమనలేదు.

ఇంకో సంగతి. దానికి ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త ఉంటాడు. రెండేళ్లలో అంతా సర్దుకుంటుంది, అందరూ తిరిగొచ్చేస్తారు అని దేవుని పేరు మీద గట్టిగా చెప్తాడు. జనానికి ఆ మాటే నచ్చి ఉంటుంది. అది అబద్ధమని యిర్మీయా మొహం మీదే చెప్తాడు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, మనలో చాలామంది ఇళ్లకి ఒక హనన్యా వచ్చి వెళ్లే ఉంటాడు. మా ఊరి ఉపవాస ప్రార్థనలకి వచ్చిన ఒకాయన నా తలమీద చెయ్యిపెట్టి, ఈ సంవత్సరమే నువ్వు కలెక్టరువి, దేవుడు చూపిస్తున్నాడు అన్నాడు. మా అమ్మ ఆ మాట ఊరంతా చెప్పుకుంది. లిస్టు వచ్చిన రోజు నాకంటే అమ్మే ఎక్కువ నలిగిపోయింది. "నా ప్రార్థనలోనే ఏదో లోపం ఉందేమో నాయనా" అంది ఫోన్లో. ఆయన మాత్రం ఆ తర్వాత మా ఇంటి వైపు రాలేదు. నా అభిప్రాయం సూటిగా చెప్తున్నా: తేదీ వేసి మీ ర్యాంకు ప్రవచించేవాళ్లకి వందనాలు చెప్పి పక్కకి జరగండి. యూపీఎస్సీ లిస్టులో నా పేరు పెడతానని దేవుడు బైబిల్లో ఎక్కడా మాట ఇవ్వలేదు. విడిచిపెట్టను అని మాత్రం ఇచ్చాడు. ఈ రెండూ కలిపేసుకుంటే ఫలితం పోయిన రోజున విశ్వాసం కూడా పోతుంది. అలా చర్చికి రావడం మానేసిన స్నేహితులు నాకున్నారు.

నన్ను నిలబెట్టింది ఒక కాలువ కథ. ఆదివారాలు అదే రైల్లో గ్రీన్‌వేస్ రోడ్డు దాటి మైలాపూర్ వైపు వెళ్తుంటే కింద బకింగ్‌హామ్ కాలువ కనిపిస్తుంది. నల్లటి నీళ్లు, ప్లాస్టిక్ కవర్లు, నీళ్లలోకే దింపిన రైలు స్తంభాలు. కిటికీ పక్కన కూర్చుంటే ముక్కు మూసుకోవాల్సిందే. కూవం, అడయారు నదుల్ని కలిపే ఈ ముక్కని తవ్వింది 1876-78 కరువు పనుల్లో. మోడరన్ హిస్టరీలో టెంపుల్ వేతనం (కరువు కూలీలకి ఇచ్చిన తక్కువ కూలి), స్ట్రేచీ కరువు కమిషన్, 1880 నివేదిక అని రెండు లైన్లు బట్టీపట్టి వదిలేస్తాం చూడండి, ఆ కరువే.

అదే కాలువ ఉత్తరాన మా ఒంగోలు వైపు కూడా పోతుంది. అక్కడి కథ మా ఇళ్లలో అందరికీ కొంచెం కొంచెం తెలుసు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరులో పని మొదలుపెట్టాడు. ఏళ్లు గడిచినా సంఘం పెరగలేదు. ఈ తెలుగు మిషన్ని మూసేద్దామా అని అమెరికాలో పెద్దలు ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ చర్చించారు. 1854 జనవరి 1న జ్యూయెట్ దంపతులు కొద్దిమంది తెలుగు విశ్వాసులతో ఒంగోలు కొండెక్కి, ఈ ఊరికి ఒక మిషనరీని పంపమని ప్రార్థన చేశారు. ఆ ఊళ్లో కాపురం ఉండే మిషనరీ, జాన్ క్లౌ, వచ్చింది 1866లో. అంటే పన్నెండేళ్లు.

కరువొచ్చినప్పుడు ఈ క్లౌ కాలువలో మూడు మైళ్ల పైచిలుకు పని కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చిన పల్లెల జనానికి కూలి ఇప్పించాడు. తట్టలు మోస్తూనే వాళ్లు మధ్యాహ్నం పూట బోధ విన్నారు, బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఆయన ఇవ్వలేదు. ఏడాదికి పైగా ఒక్కరికీ ఇవ్వలేదు. కూలి కోసం, గింజల కోసం అడుగుతున్నారేమోనని ఆయన భయం. పని అయిపోయింది, ఇక పంచడానికి ఏమీ లేదు, ఇళ్లకి వెళ్లండి అన్న తర్వాత కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఆ అంకె మీద చర్చిల్లో సాక్ష్యాలు చాలా విన్నాను. నన్ను పట్టుకున్నది మాత్రం అంతకుముందు ఏడాది. కూలి ఇచ్చే చెయ్యి ఆగిపోయాక కూడా వీళ్లకి దేవుడు కావాలా అన్న ప్రశ్న. అది నన్నే అడిగినట్టనిపించింది. నా ప్రార్థనలో నుంచి ర్యాంకు తీసేస్తే మిగిలేదేంటి? చాలా రోజులు ఏమీ మిగల్లేదు, నిజం. మోకరిస్తే కటాఫ్ గుర్తొచ్చేది. అప్పుడు కీర్తనలు పట్టుకున్నాను, ముఖ్యంగా పదమూడోది. ఎన్నాళ్లు, ఎన్నాళ్లు అని దావీదు దేవుణ్ణే నిలదీస్తాడు. ఓపిక అంటే నోరు మూసుకోవడం అని మనకెవరు నేర్పారో గానీ, ఆ కీర్తనలో అది లేదు.

యోసేపు సాక్ష్యం కూడా మనకి బాగా ఇష్టం. చెరసాల తర్వాత సింహాసనం. హెబ్రీ పత్రిక పదకొండో అధ్యాయం చివర మాత్రం ఎవరూ సాక్ష్యాల్లో చెప్పరు. విశ్వాసంతో బతికి, వాగ్దానం చేతికందకుండానే వెళ్లిపోయినవాళ్లున్నారు అక్కడ. అటెంప్టులు అయిపోవచ్చిన అన్నలు, అక్కలు ఆ భాగం ఒకసారి చదవండి. మీకు లోపం అంటగట్టేవాళ్లకి అక్కడ సమాధానం ఉంది.

ఇక తోటలు నాటడం సంగతి. ఈ నెలల్లో నేను చేస్తున్నవి చెప్తాను. టెస్ట్ సిరీస్ పేపర్లు దిద్దుతున్నాను, చేతి ఖర్చులకి సరిపోతాయి. ఎథిక్స్ కేస్ స్టడీలు నలుగురివి దిద్దితే మనకే బాగా వస్తాయి. బ్యాంకు నోటిఫికేషన్‌కి కూడా దరఖాస్తు పెట్టాను. అది అవిశ్వాసమేమో అని మా చర్చిలో ఒక పెద్దాయన అన్నారు. కాదంకుల్ అని నవ్వి ఊరుకున్నాను. సండే స్కూల్లో చిన్నపిల్లలకి తెలుగు అక్షరాలు నేర్పిస్తున్నాను, ఇక్కడ పుట్టినవాళ్లకి తమిళం, ఇంగ్లీషు తప్ప రావు మరి. సీశాట్ (ప్రిలిమ్స్ రెండో పేపర్) వారానికి రెండు పూటలు, పోయినవాళ్లలో చాలామంది పోయేది అక్కడే. టెలిగ్రామ్ గ్రూపులన్నీ మ్యూట్‌లో పెట్టాను. ఈరోజు పీడీఎఫ్ వస్తుందట అని వచ్చే మెసేజ్‌తో ఒక పూట చదువు పోతుంది, ఆ టెన్షన్‌కి రాత్రి నిద్ర అదనం.

ప్రిలిమ్స్ ఆదివారం పడుతుంది కాబట్టి ఇంకో మాట. తొమ్మిదిన్నరకి మొదటి పేపర్, రెండున్నరకి రెండోది. ఆరాధన మానేశానని మధ్యలో గిల్టీగా అనిపించి సీశాట్ చెడగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. శనివారం సాయంత్రమే పాస్టర్ గారి దగ్గరికి వెళ్లి ప్రార్థన చేయించుకుని రండి, ఆయనే వెళ్లి రాసి రమ్మంటారు. మధ్యాహ్నం విరామంలో మొదటి పేపర్ జవాబుల గురించి ఎవరితోనూ మాట్లాడొద్దు.

తెలుగు ఆప్షనల్ తీసుకున్నవాళ్లకి పేపర్ టూలో నన్నయ, తిక్కన భాగాలకి నా చేతిరాత నోట్స్ ఉన్నాయి. కావాలంటే అడగండి, స్కాన్ చేసి పంపిస్తాను. ప్రార్థన మనవి ఏదైనా ఉంటే అది కూడా రాయండి, శుక్రవారం రాత్రి మేం నలుగురం కూర్చుంటాం.