తెర వెనక చూసిన సినిమా

రెండో శనివారం, రాత్రి పదిన్నర

ఇవాళ నేనూ మా ఆయనా గుంటూరులో క్రైస్తవ సినిమాల పండగకి వెళ్లొచ్చాం. కాళ్లు లాగేస్తున్నాయి కానీ నిద్ర రావడం లేదు. ఆయన పక్కగదిలో పడుకున్నారు. ఇది రాసేసి నేనూ వెళ్తాను.

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక మా పాస్టరు అయ్యగారు ప్రకటనల్లో చదివారు. గుంటూరులో ఒక చర్చి యూత్ వాళ్లు రోజంతా సినిమాలు వేస్తున్నారు, టికెట్ లేదు, మధ్యాహ్నం భోజనం స్త్రీల సమాజం వాళ్లు పెడతారు, భార్యాభర్తలు కలిసి రండి అని. చివరి మాట వినగానే మా ఆయన నావైపు చూశారు. నేను పాటల పుస్తకంలోకి చూశాను. మేమిద్దరం కలిసి కూర్చుని ఒక సినిమా పూర్తిగా చూసి ఎన్నేళ్లయిందో. అమ్మాయి హైదరాబాదు హాస్టల్‌కి వెళ్లాక ఇంట్లో టీవీ పెట్టడం కూడా తగ్గిపోయింది. ఎవరి ఫోను వాళ్లది.

పొద్దున్నే ఆరింటికి లేచి ఇడ్లీ వేసి, చట్నీ రుబ్బి, ఏడున్నరకి తెనాలి బస్టాండులో ఉన్నాం. పల్లెవెలుగు దొరికింది. కిటికీ పక్క సీటు నాకిచ్చి ఆయన ఇవతల కూర్చున్నారు.

మేం వెళ్లేసరికి యూత్ పిల్లలు హాలు కిటికీలకి పాత టార్పాలిన్ పట్టాలు కడుతున్నారు. ఎక్కడో సందులోంచి వెలుగు కత్తిలాగా లోపలికి వస్తూనే ఉంది. ఒక కుర్రాడు నిచ్చెన మీద, ఇంకొకడు కింద సుతిలి పట్టుకుని. ప్లాస్టిక్ కుర్చీలు ఓ నూటయాభై ఉంటాయి. గోడకి ఆనించి తెల్లటి తెర. "వందనాలండీ, వందనాలండీ" అంటూ ఒక అమ్మాయి గులాబీ రంగు బ్యాడ్జీలు గుచ్చుతోంది. దంపతులకి గులాబీ, మిగతావాళ్లకి తెలుపు. గులాబీ బ్యాడ్జీ పెట్టుకుంటే నాకెందుకో కొత్తగా పెళ్లైనట్టు సిగ్గేసింది.

మొదటి సినిమా యేసుప్రభువు కథ, "కరుణామయుడు".

దీని గురించి కాస్త ఎక్కువే రాసుకోవాలి.

మాది సినిమా హాలు గుమ్మం తొక్కని ఇల్లు. మా నాన్న సంఘంలో పెద్ద. సినిమా చూసినవాళ్లు చర్చిలో ప్రభువు బల్ల దగ్గరికి, రొట్టె విరిచి పంచుకునే చోటికి, రాకూడదనేవారు. తిట్టడం, కొట్టడం ఉండేది కాదు. ఆయన మౌనంగా తల వంచుకుంటే చాలు, మాకు గుండె జారేది. పెళ్లయ్యాక మొదటిసారి హాల్లోకి వెళ్లినప్పుడు మా ఆయన చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నానంటే గాజు నొక్కుకుని నా మణికట్టు కందింది. ఆ సినిమా పేరు కూడా ఇప్పుడు గుర్తులేదు.

కానీ అంతకుముందే, నాకు ఎనిమిదేళ్లప్పుడు, ఒక్క సినిమా చూశాను. ఆ రోజుల్లో "కరుణామయుడు"ని జీపుల్లో ఊరూరూ తిప్పి రాత్రిళ్లు వేసేవారు. మా ఊరికి కూడా వచ్చింది, రేపల్లె దగ్గర. చెరువు గట్టు పక్క ఖాళీ స్థలంలో రెండు సరుగుడు బాదులు పాతి తెల్ల గుడ్డ కట్టారు. జనరేటరు దూరంగా పెట్టినా దాని చప్పుడు ఊరంతా వినపడేది. ఊళ్లో అన్ని పేటల వాళ్లూ వచ్చి కూర్చున్నారు. మేము మాత్రం ఇంట్లో ఉన్నాం, తలుపు దగ్గరగా వేసుకుని.

మా నాయనమ్మ ఉన్నట్టుండి లేచి కొంగు నెత్తిన కప్పుకుని నా చెయ్యి పట్టుకుంది. "తెర ముందు కూర్చుంటేనే సినిమా చూసినట్టు. వెనక కూర్చుంటే చూసినట్టు కాదులే" అంది. చీకట్లో చుట్టూ తిరిగి తీసుకెళ్లి, గుడ్డకి వెనకవైపు పల్లేరుకాయలు లేని చోట చూసి కూర్చోబెట్టింది. మాలాంటివాళ్లు అక్కడ ఇంకో పదిమంది ఉన్నారు.

గుడ్డ పల్చనిది కాబట్టి బొమ్మ వెనక్కి కూడా బాగానే పడింది. మొదట అక్షరాలొచ్చాయి. అప్పటికి నేను గుణింతాలన్నీ నేర్చుకుని గోడల మీదున్నవన్నీ చదివేస్తుండేదాన్ని. ఆ అక్షరాలు మాత్రం ఒక్కటీ చదవలేకపోయాను. అది యూదుల భాష కాబోలు అనుకున్నాను. నాయనమ్మకి చదువు రాదు. "ఏసుప్రభువు భాషే నాయనమ్మా" అంటే ఆవిడ కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకుంది.

ఆ రాత్రి నేను చూసిన యేసు ఎడమచేత్తో రోగుల్ని ముట్టుకున్నాడు. ఎడమచెయ్యెత్తి దీవించాడు. గొర్రెలు కుడివైపు, మేకలు ఎడమవైపు అని సండేస్కూల్లో నేర్చుకున్నదాన్ని. ఎడమచేత్తో ఎవరికైనా ఏదైనా ఇస్తే చేతి మీద ఒక్కటి పడేది. అలాంటిది ప్రభువు ఎడమచేత్తో దీవించడమేమిటని ఎన్ని రాత్రులు ఆలోచించానో. అడిగితే సినిమా చూసినట్టు తెలిసిపోతుంది. అందుకని ఎవర్నీ అడగలేదు.

మేం ఇంటికొచ్చేసరికి నాన్న అరుగు మీద లాంతరు పెట్టుకుని కూర్చునున్నారు. నాయనమ్మ ఏదో చెప్పబోయింది. ఆయన "అయిపోయిందా?" అని మాత్రం అడిగి లాంతరు తీసుకుని లోపలికి వెళ్లిపోయారు. ఆ తర్వాత ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు.

ఇవాళ నలభై ఏళ్ల తర్వాత అదే సినిమాని తెరకి ముందు కూర్చుని చూశాను. పేరు పడింది, చదివాను. నా పక్కన మా ఆయన గొంతు సవరించుకున్నారు. ఆయన లూథరన్ ఇంటి పిల్లాడు. 1978 డిసెంబరులో ఈ సినిమా వచ్చిన కొత్తలో తెనాలిలోనే వాళ్ల నాన్న భుజం మీదెక్కి హాల్లోకి వెళ్లారట. హాల్లో సగం మంది హిందువులేననీ, సిలువ మోసే ఘట్టంలో అందరూ ఒకేలా ఏడ్చారనీ మా మామగారు చెప్పేవారు. దర్శకుడు ఎ. భీమ్‌సింగ్ ఆ ఏడాది జనవరిలోనే పోయారు. తాను తీసిన సినిమా విడుదలైంది చూడలేదు. పొద్దున వేదిక మీద ఈ మాట చెప్పినప్పుడు హాలంతా నిశ్శబ్దమైపోయింది. నాకైతే ఆ సంగతి ఇవాళే తెలిసింది.

యేసుగా వేసిన విజయచందర్ గారి ముఖం కనపడగానే ముందు వరసలో ఒక ముసలమ్మ లేచి నిలబడి చేతులు జోడించింది. ఎవరూ కూర్చోమనలేదు. ఆయన తర్వాత షిర్డీ సాయిబాబాగా వేశారు, "ఆంధ్రకేసరి"లో టంగుటూరి ప్రకాశంగా వేశారు. అయినా మా ఇళ్లల్లో ఆ ముఖం ఆ ముఖమే. నటన గురించి నాకు పెద్దగా తెలియదు. కానీ ఆయన గొంతు పెంచకుండా కళ్లు కిందికి దించే తీరు చూస్తే నాకు మా నాన్న తల వంచుకోవడం గుర్తొచ్చింది. అందులో కోపం లేదని ఇవాళ అనిపించింది. అప్పట్లో అర్థం చేసుకుని ఉంటే బాగుండేది. నాన్న పోయి మూడేళ్లయింది.

"కదిలిందీ కరుణరథం" మొదలయ్యేసరికి హాలంతా పాడటం మొదలెట్టారు. మోదుకూరి జాన్సన్ రాసిన పాట, బాలుగారు పాడింది. ప్రతి గుడ్ ఫ్రైడేకి మా చర్చిలో పాడతాం, నాకు ప్రతి చరణం వచ్చు. కానీ ఇవాళ నోరు పెగల్లేదు. సిలువ ఏ భుజం మీద ఉందా అని చూస్తూ కూర్చున్నాను. నేను చిన్నప్పుడు చూసిన దానికి అటువైపు ఉంది. మా ఆయన పాడుతున్నారు, శ్రుతి కలవకపోయినా మనసు పెట్టి. కళ్లనీళ్లు తుడుచుకోవడానికి నాకు కర్చీఫ్ దొరక్క కొంగు వెతుక్కుంటుంటే, తెర మీంచి చూపు తిప్పకుండానే ఆయన తువ్వాలు నా ఒళ్లో పెట్టారు.

భోజనాల్లో పులిహోర, వంకాయ కూర, పెరుగన్నం. పులిహోరలో ఇంగువ ఘాటుగా పడింది, నాకలాగే ఇష్టం.

తర్వాత కాలేజీ పిల్లలు తీసిన చిన్న సినిమాలు నాలుగు వేశారు. మూడింట్లో కథ బాగానే నడిచి, చివరి రెండు నిమిషాల్లో ఎవరో ఒకరు నిలబడి ప్రసంగం చేస్తారు. పిల్లలకి ఎవరైనా చెప్పాలి, చూపించింది చాలు, మళ్లీ చెప్పక్కర్లేదని. నాలుగోది మాత్రం నా మనసులోంచి పోవడం లేదు. శనివారం సాయంత్రం చర్చి ఊడ్చే ఒకావిడ కథ. మాటలే లేవు. బెంచీల కింద ఊడుస్తుంటే ఆవిడకి ఒక చిన్నపిల్ల పట్టీ దొరుకుతుంది. దాన్ని కొంగుకి ముడేసుకుని, మర్నాడు ఆరాధనలో ప్రతి పాప కాళ్లూ చూస్తూ కూర్చుంటుంది. అంతే. అది అయిపోయాక చప్పట్లు కాస్త ఆలస్యంగా మొదలయ్యాయి.

మధ్యాహ్నం దంపతుల సినిమా, "ఫైర్‌ప్రూఫ్". 2008లో అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని ఆల్బనీ ఊరి చర్చివాళ్లు తీశారు. దర్శకుడు అలెక్స్ కెండ్రిక్ అప్పట్లో ఆ సంఘంలో పాస్టరే. సంఘం వాళ్లే వంటలు చేశారు, నటించినవాళ్లలో కూడా చాలామంది వాళ్లే. ఐదు లక్షల డాలర్ల ఖర్చుతో తీస్తే మూడు కోట్ల డాలర్లకి పైగా వచ్చిందట. మంటలార్పే ఉద్యోగం చేసే ఒకతను భార్యతో విడిపోయే దాకా వస్తాడు. తండ్రి చేతిరాతతో ఒక నోటుపుస్తకం పంపిస్తాడు, నలభై రోజులు రోజుకొక పని చెయ్యమని. స్నేహితుడు ఉప్పుడబ్బా, మిరియాలడబ్బా జిగురు పెట్టి అంటించి ముందు పెడతాడు. ఇప్పుడు వీటిని విడదీస్తే ఏదో ఒకటి పగులుతుంది అంటాడు. ఆ చోట మా ఆయన మోచెయ్యి నా మోచేతికి తగిలింది. తీసెయ్యలేదు.

చివర్లో ముద్దు సన్నివేశం గురించి యూత్ లీడరు ఒక మాట చెప్పాడు. హీరో కర్క్ కామెరాన్ తన భార్యని తప్ప ఎవరినీ ముద్దు పెట్టుకోననే నియమం పెట్టుకున్నాడట. అందుకని ఆ ఒక్క షాటుకి హీరోయిన్ బదులు ఆయన భార్యే వచ్చి నిలబడింది, నీడల్లా కనపడేలా తీశారు. అది వినగానే ఆడవాళ్లంతా ఒక్కసారి "ఓ" అన్నారు.

సినిమా నాకు నచ్చింది కానీ పూర్తిగా ఒప్పుకోలేను. కాపురంలో నలభయ్యో రోజు అనేది ఉండదు. పుస్తకంలో పేజీలు అయిపోయాక కూడా పొద్దున్నే లేవాలి, ఎవరో ఒకరు ముందు మాట్లాడాలి. మాకు ఒకసారి పదకొండు రోజులు మాటల్లేవు. అమ్మాయికి జ్వరమొచ్చి థర్మామీటరు ఎక్కడుందని ఆయన అడిగితే, ఆ మాటతో మళ్లీ మొదలైంది. అక్కడ ఏ పుస్తకమూ లేదు.

నేను తెరకన్నా ఎక్కువగా చూసింది మా ముందు వరసలో ఉన్న పెద్ద జంటని. ఆయనకి డెబ్బై ఐదు పైనే ఉంటాయి. సినిమా ఇంగ్లీషు, కింద అక్షరాలూ ఇంగ్లీషే. ఆవిడకి చెవులు సరిగా వినపడవులా ఉంది, ఇంగ్లీషు అసలే రాదు. ఆయన మొదట్నుంచీ చివరిదాకా ఆవిడ చెవి దగ్గరగా వంగి తెలుగులో చెబుతూనే ఉన్నారు. "కోపమొచ్చింది వాడికి. తలుపేశాడు. ఇప్పుడు పూలు తెచ్చాడు. ఆ పిల్ల తీసుకోలా." ఆవిడ "తీసుకోలా?" అని పైకే అడిగింది. "తీసుకుంటుందిలే, ఆగు" అన్నారాయన. అన్ని గంటలు వంగి ఆయన మెడ ఎంత నొప్పెట్టిందో. అయిపోయి లైట్లు వేశాక ఆవిడే ఆయన మెడ వెనక అరచేత్తో రుద్దింది, చుట్టూ ఎవరున్నారనేది చూసుకోకుండా.

చివర్లో దంపతులంతా చేతులు పట్టుకుని నిలబడండి, ప్రార్థన చేద్దాం అన్నారు అయ్యగారు. మా వయసువాళ్లు చాలామంది ఇబ్బందిపడ్డారు. మేమూ. కానీ పట్టుకున్నాం.

తిరుగు బస్సులో చీకటి పడింది. అప్పుడు చెప్పాను ఆయనకి, ఇరవయ్యేళ్లు దాటిన కాపురంలో మొదటిసారి. "ఏమండీ, నేనీ సినిమా చిన్నప్పుడే చూశాను. వెనకవైపు నుంచి." సరుగుడు బాదులు, నాయనమ్మ, యూదుల భాష, ఎడమచెయ్యి, లాంతరు, అన్నీ చెప్పాను. ఆయన నవ్వలేదు. చాలాసేపు బయటికి చూస్తూ కూర్చుని, "మీ నాన్నగారు పడుకోకుండా కూర్చున్నారన్నమాట" అన్నారు. నేను ఇన్నేళ్లలో ఒక్కసారీ దాన్ని అలా చూడలేదు. నాయనమ్మనీ నన్నూ పట్టుకోవడానికే కూర్చున్నారని అనుకుంటూ వచ్చాను.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని, పొద్దుటి ఇడ్లీలు రెండు మిగిలితే వేడి చేస్తుంటే ఆయన పిలిచారు. "ఇలా రా ఒకసారి, లైటు తీసెయ్యి." గదిలోకి వెళ్తే బీరువా అద్దం ముందు నిలబడి, ఫోను అద్దం వైపు తిప్పి పట్టుకున్నారు. "నువ్వు అద్దంలోకే చూడు, ఫోన్లోకి కాదు" అన్నారు. యూట్యూబులో ఆ పాట పెట్టారు.

అద్దంలో అక్షరాలు తిరగబడ్డాయి. సిలువ అటు భుజం మీదికి, నా ఎనిమిదేళ్లప్పటి భుజం మీదికి వచ్చింది.

"ఇలాగేనా?" అన్నారు.

అవునన్నాను. పాట అయిపోయేదాకా కదలకుండా నిలబడ్డారు, చెయ్యి లాగినప్పుడల్లా ఫోను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ. వంటింట్లో ఇడ్లీలు మాడిన వాసన వస్తున్నా నేనూ కదల్లేదు.