ట్యుక్ ట్యుక్: ఐర్లండ్ పాత పద్ధతిలో కోళ్ల పిలుపు, గుడ్లు పొదిగించడం – 6 వారాల లెక్క

1937–39లో ఐర్లండ్ బడిపిల్లలు పెద్దలనడిగి రాసిన నోటుపుస్తకాల్లో పశువుల్ని పిలిచే తీరూ ఉంది. దూడకు ‘సక్ సక్’, పందికి ‘హురిష్’, కోళ్లకు ‘ట్యుక్ ట్యుక్’. ఇంగ్లిష్ మాట్లాడే ఊళ్లలో ‘చక్ చక్’ అనేవారు. ఈ లెక్క అక్కడి పెరట్లోని 5 పెట్టలది.

1వ వారం: పెట్టకు రోజుకు 120 గ్రాముల చొప్పున 600 గ్రాముల గింజలు, రెండు పూటలుగా. ముందు పిలుపు, రెండు సెకన్లలో గింజ నేలమీద. డబ్బా ముందే గలగలలాడితే కోళ్లు డబ్బాను నేర్చుకుంటాయి, గొంతును కాదు. అందుకే గింజలు జేబులో ఉండాలి. నాలుగో రోజుకు మూడు పెట్టలు పరుగున వచ్చాయి. పాతకాలంలో ఉడికిన బంగాళదుంపల్లో తవుడు కలిపి పెట్టేవారు. ఇప్పుడు అక్కడ వంటింటి మిగులు కోళ్లకు వేయడం చట్టవిరుద్ధం. ఒక్క కోడి ఉన్నా నమోదు తప్పనిసరి.

2వ వారం: పిలుపు చెడింది. మందు వేయడానికి పట్టుకోవాల్సి వచ్చి అదే పిలుపు వాడటమే కారణం. రెండు రోజులు పెట్టలు దూరంగానే నిలబడ్డాయి. పట్టుకోవాలంటే చీకటిపడ్డాక, గూట్లోనే, మాట లేకుండా.

3వ వారం: ఒక పెట్ట పొదగడానికి కూర్చుంది. పుంజున్న మందలోని 13 గుడ్లు, వారం లోపువి, రాత్రిపూట పెట్టాం. బేసి సంఖ్య అక్కడి ఆనవాయితీ. చిన్నజాతి పెట్టయితే ఎనిమిదికి మించకూడదు, అంచున ఉన్నవి చల్లబడతాయి. కాల్చిన పుల్లతో గుడ్డుమీద శిలువ గీయడం కూడా ఆచారమే. దీన్ని వదలొద్దు. పక్క పెట్టలు వచ్చి అదే గూట్లో గుడ్డు పెడితే, గీత లేనిదాన్ని ఆరోజే తీసేయొచ్చు. లేకపోతే పొదుగు తేదీలు కలిసిపోతాయి.

రోజుకొకసారి పిలిచి పెట్టను దింపాలి: మేత, నీళ్లు, రెట్ట, 15–20 నిమిషాలు. దిగకపోతే రెక్కల కింద చేతులు పెట్టి, గుడ్డు చిక్కుకోలేదని చూసి ఎత్తాలి.

4వ వారం: పొదగడం మొదలైన ఏడో రోజు గుడ్లను దీపానికి ఎత్తి చూస్తే రెండింట్లో రక్తనాళాలు కనిపించలేదు. తీసేశాం. మిగిలినవి 11.

5–6 వారాలు: 18వ రోజు నుంచి గూడు కదపలేదు. 21వ రోజున 9 పిల్లలు. పచ్చసొన కడుపులో ఉంటుంది కాబట్టి తొలిరోజు మేత అక్కర్లేదు. తర్వాత నూక చల్లుతూ ‘ట్యుక్ ట్యుక్’ అంటే తల్లి ముందుకొచ్చి తన పిలుపు అందుకుంటోంది. పిల్లలు ఇప్పటికి దాని గొంతుకే వస్తున్నాయి.